కరెంటు కనెక్షన్‌కు డెవలప్‌మెంట్ చార్జీలూ కట్టాలి, లైను ఖర్చూ కట్టాలా? బిల్డర్, డిస్కం వాదన

ఉప్పుగాలి:
మధురవాడ వైపు 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అనుకోండి. ఫ్లాటుకు 5 కిలోవాట్లు, లిఫ్టులు, మోటార్లు, కామన్ లైట్లకు ఇంకో 40. మొత్తం 340. డిమాండ్ నోటీసులో కిలోవాటుకు ఇంత చొప్పున డెవలప్‌మెంట్ చార్జీలు వేస్తారు, ఆ కిందే 11 కేవీ లైను, ట్రాన్స్‌ఫార్మర్ల ఎస్టిమేట్ మొత్తం వేస్తారు. ఒకే పనికి రెండుసార్లు వసూలు కాదా ఇది? కోర్టులో నిలుస్తుందా?

సెక్షన్ 46:
"రెండుసార్లు తీసుకున్నారు" అని గంపగుత్తగా వాదిస్తే నిలవదండి. 2003 విద్యుత్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ రెగ్యులేషన్‌లో అనుమతి ఉంటే, మీకు సరఫరా ఇవ్వడానికి పెట్టిన లైను, పరికరాల మీద సహేతుకంగా అయిన ఖర్చు డిస్కం రాబట్టుకోవచ్చు. లైను ఎస్టిమేట్ అంటే మీ గేటు దాకా వచ్చే పని. డెవలప్‌మెంట్ చార్జీ అంటే వెనకున్న ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ప్రధాన లైను), సబ్‌స్టేషన్ కెపాసిటీలో మీ లోడు వాటా. పద్దులు వేరు. ఆ వెనక పనినే తెచ్చి మీ ఎస్టిమేట్‌లో దూర్చినప్పుడు మాత్రం మీకు కేసు ఉంటుంది.

ఉప్పుగాలి:
దూర్చారని ఎలా తెలుస్తుంది?

సెక్షన్ 46:
అబ్‌స్ట్రాక్ట్ పేజీతో సరిపెట్టుకోకుండా పూర్తి ఎస్టిమేట్, స్కెచ్‌తో సహా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. స్కెచ్‌లో ముందు ట్యాపింగ్ పోలు, అంటే పాత లైను నుంచి మీ లైను విడిపోయే స్తంభం, వెతకండి. అక్కడి నుంచి మీ వైపు ఉన్న 9.1 మీటర్ల పోళ్లు, ఏబీ స్విచ్, హెచ్‌జీ ఫ్యూజులు, ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తింగ్ మీ ఖాతాలోకే వస్తాయి, వాటి మీద పోట్లాడి టైం పాడుచేసుకోవద్దు. ట్యాపింగ్ పోలుకు వెనక, సబ్‌స్టేషన్ వైపు "ఉన్న కండక్టర్ మార్పు, 1.8 కిలోమీటర్లు" లాంటి ఐటమ్ కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ మార్పు వల్ల ఫీడర్ మీద 3,400 కిలోవాట్లకు చోటు దొరికితే మీరు వాడేది పదో వంతు. ఆ పదో వంతుకు డెవలప్‌మెంట్ చార్జీ కట్టేశారు కూడా. మిగతా తొమ్మిది వంతులు రేపు వచ్చే పక్క వెంచర్లవి. విప్పేసిన పాత కండక్టర్ విలువ ఎస్టిమేట్‌లో తగ్గించారో లేదో కూడా చూడండి, చాలాసార్లు ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ సైజు ఇంకో తగాదా. 340 కిలోవాట్లను 0.9 పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే 378 కేవీఏ. కానీ 60 ఇళ్లలో అన్నీ ఒకేసారి నడవవు. డెవలప్‌మెంట్ చార్జీ కాంట్రాక్ట్ లోడు మీద వేస్తారు సరే, ట్రాన్స్‌ఫార్మర్ సైజుకు చూడాల్సింది ఒకేసారి పడే డిమాండ్.

ఫీడర్ పక్షం:
మే నెల ఉక్కపోత రాత్రి విశాఖలో ఏసీలు ఒకేసారి నడవవని ఎవరన్నారు సార్? చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించి, ఫ్లాట్లు అమ్మేసి బిల్డర్ వెళ్లిపోతాడు. కాలిపోతే జనం తిట్టేది లైన్‌మన్‌ని. బిల్డర్ కట్టనిది టారిఫ్‌లో పడి గాజువాకలో రెండు బల్బుల ఇల్లు కడుతుంది. "మా డబ్బుతో కొన్న ఆస్తి మీద డిస్కం లాభం తింటోంది" అనే వాదన కూడా తప్పు. మన కమిషన్ (ఏపీఈఆర్‌సీ) 2005 నాలుగో రెగ్యులేషన్ లెక్కలో వినియోగదారుల కాంట్రిబ్యూషన్‌ను రేట్ బేస్ నుంచి, అంటే డిస్కంకు రాబడి లెక్కగట్టే ఆస్తుల విలువ నుంచి, తీసేస్తారు.

సెక్షన్ 46:
రేట్ బేస్ మాట ఒప్పుకుంటా. టారిఫ్ మాట సగమే. ట్యాపింగ్ పోలు నుంచి బిల్డర్ వైపు ఖర్చు బిల్డర్‌దేనని నేనూ అంటున్నా.

బీచ్ రోడ్డు:
హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు నిధులతో భూగర్భ కేబుల్ వేసిన ఏరియాల్లో ఓవర్‌హెడ్ రేటు అడగొచ్చా?

ఫీడర్ పక్షం:
అడగలేరు. అక్కడ నెట్‌వర్కే కేబుల్, కలవాలంటే ఆర్‌ఎంయూ (రింగ్ మెయిన్ యూనిట్, కేబుళ్లను కలిపే స్విచ్‌ల పెట్టె) పెట్టాల్సిందే.

సెక్షన్ 46:
కరెక్టే, కానీ ఎన్ని దారులది (ఎన్ని "వే"లు)? రింగుకు రెండు, మీకు ఒకటి, మొత్తం మూడు చాలు. ఐదు దారుల (5-వే) ఆర్‌ఎంయూ రాసి ధరంతా మీ మీద వేస్తే మిగిలిన రెండింటికి అభ్యంతరం రాయండి.

ఉప్పుగాలి:
మహారాష్ట్రలో ఇలాంటివి వాపసు ఇప్పించారుగా?

సెక్షన్ 46:
అక్కడి కమిషన్ 2006 సెప్టెంబరు 8 ఆర్డర్‌లో సర్వీస్ లైన్ చార్జీలే వద్దంది. డిస్కం అప్పీలును 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ మన కమిషనే అనుమతించింది కాబట్టి ఆ తీర్పు పట్టుకుని సీతమ్మధారలోని డిస్కం ఆఫీసుకు వెళ్తే లాభం లేదు. విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ), నగరాభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ఫీజులైతే ప్రశ్నే వేరు. చట్టంలో స్పష్టమైన అధికారం లేకుండా డెవలప్‌మెంట్ ఫీజు వేయకూడదని అహ్మదాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1992లోనే తేల్చారు.

రెరా గడువు:
అభ్యంతరం ఉంటే కట్టకుండా ఆపేయాలా?

సెక్షన్ 46:
ఆపొద్దు. 43వ సెక్షన్ వివరణ ప్రకారం చార్జీలు కట్టిన రుజువు ఉంటేనే దరఖాస్తు పూర్తయినట్టు. అంతదాకా డిస్కం సరఫరా ఇవ్వాల్సిన గడువు మొదలే కాదు, రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) కింద మీరు ఫ్లాట్లు పూర్తిచేయాల్సిన గడువు మాత్రం పరిగెడుతుంది. "ఫలానా ఐటమ్‌పై అభ్యంతరంతో కడుతున్నాం" అని లెటర్ ఇచ్చి, ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని కట్టండి. తర్వాత 42(5) సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, అక్కడ కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. నేరుగా హైకోర్టుకు వెళ్తే ముందు అక్కడికి వెళ్లమంటారు.

టర్న్‌కీ అయితే, అంటే డిస్కం ఎస్టిమేట్ ప్రకారం పని మీరే చేయించుకుంటే, పని మొదలుపెట్టక ముందే ఆ లెటర్ పడాలి. సామాను మీరే కొన్నా 10 శాతం సూపర్విజన్ ఎస్టిమేట్ మీదే లెక్కిస్తారు. 60 లక్షల్లో ఫీడర్ పని 18 లక్షలు తీసేయిస్తే సూపర్విజన్ 6 లక్షల నుంచి 4.2కి దిగుతుంది. పనయ్యాక అడిగితే "మీరే కోరి చేసుకున్నారు" అంటారు, ఆ మాటకు బలం ఉంది.

రెరా గడువు:
వీటి మీద జీఎస్టీ?

ఫీడర్ పక్షం:
కనెక్షన్ ఇవ్వడం, మీటరు అద్దె, టెస్టింగ్ లాంటి అనుబంధ సేవలకు 2024 అక్టోబరు 10 నుంచి మినహాయింపు. ఆ తేదీ తర్వాత నోటీసులో 18 శాతం కనిపిస్తే ఏ పద్దు మీదో రాతపూర్వకంగా అడగండి.

అసోసియేషన్ సెక్రటరీ:
ఫ్లాట్లు చేతికొచ్చిన మూడేళ్లకు ఆడిట్‌లో డెవలప్‌మెంట్ చార్జీలు తక్కువ కట్టారని అసోసియేషన్‌కు నోటీసు వస్తే?

సెక్షన్ 46:
రహ్మతుల్లా ఖాన్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: పొరపాటు జరిగితే రెండేళ్లు దాటాక కూడా అదనపు డిమాండ్ వేయొచ్చు, దాని కోసం కరెంటు కట్ చేయకూడదు. అది తప్పు టారిఫ్‌తో వేసిన కరెంటు బిల్లు కేసు. డెవలప్‌మెంట్ చార్జీలకు అదే వర్తిస్తుందా అన్నది ఫోరం ముందు మీరు గట్టిగా వాదించుకోవాలి. బిల్డర్‌తో రాసుకున్న అగ్రిమెంట్‌లో విద్యుత్ చార్జీల క్లాజు తీసి చూడండి, ఆ నోటీసు కాపీ ఆయనకూ రిజిస్టర్ పోస్టులో పంపండి.