బాత్రూం తూములోంచి వాన నీళ్లు ఎగదన్నుతున్నాయి, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో, జ్ఞానాపురం పల్లంలో గ్రౌండ్‌ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. నిరుడు ఒక్క రాత్రి వానకే ఇంట్లోకి నీళ్లొచ్చాయి. గుమ్మంలోంచి కాదండీ, బాత్రూం తూములోంచి! ముందు గుడగుడమని చప్పుడు, తర్వాత బొద్దింకలు, ఆ వెనక నల్లటి నీళ్లు. బియ్యం డబ్బా మంచం మీదకి ఎక్కించేసరికి ఫ్రిజ్ అడుగు మునిగిపోయింది. జానెడెత్తున ఆ మరక గోడ మీద ఇంకా ఉంది.

ఈ వేసవిలో వానలెక్కువంటున్నారు. మేలో తుపాన్లు మనకి కొత్తా? 2010లో లైలా, 2022లో అసని. అయినా సీజన్ మొత్తానికి చెప్పే అంచనా మా వీధి సంగతి చెప్పదుగా.

తూముకి నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు పెట్టించినవాళ్లున్నారా? చెత్త అడ్డుపడితే పనిచేస్తుందా? ఓనరుగారేమో "ఇసక మూట పెట్టమ్మా, చాలు" అంటారు.

ఇంకోటి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ అంటుంది వాతావరణ శాఖ. పల్లంలో ఉండేవాళ్లు సామాను ఎప్పుడు పైకెత్తుతారు, ఆరెంజ్ అలర్ట్‌కా, రెడ్‌కా? ప్రతి ఎల్లోకీ ఫ్రిజ్ ఎత్తితే నా నడుం ఉండదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అర్ధరాత్రి మేడెక్కించలేం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.