సముద్రంలో కార్బన్ అంత లోతుకి ఎలా దిగుతుంది? (పెద్దవాళ్ళ డౌటే)

బెంజిసర్కిల్_నాన్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సముద్రం గాలిలోని కార్బన్‌ని అడుగున దాచుకుంటుందని ప్రాజెక్టులో రాసింది. ఎలాగమ్మా అంటే, పైన తేలే నాచు చచ్చి మునిగిపోతుంది నాన్నా అంది. నాకు నమ్మకం కుదరలేదు. కంటికి ఆనని జీవి మూడు కిలోమీటర్లు మునగాలంటే ఎన్నేళ్ళు పట్టాలి, ఈలోపు కుళ్ళిపోదా? మొన్న వరదలప్పుడు కుళాయిలో ఎర్రనీళ్ళొస్తే బకెట్లో పట్టి పెట్టా, రెండు రోజులైనా తేరలేదు.

బ్రాడీపేట_4వలైను:
ఆ బకెట్లో పటిక తిప్పి చూడండి సార్. మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. మట్టి ముద్దలు కట్టి దిగిపోతుంది, అంతే. మీరన్నట్టు ఆ నాచు కణం ఒంటరిగా అయితే రోజుకి మీటరు దిగడం కూడా కష్టమే. కానీ ఒంటరిగా పోదు. ఆ కణాలే జిగురు వదులుతాయి, అదే అక్కడ పటిక పని చేస్తుంది. చచ్చిన కణాలు, పెంకులు, మట్టి అన్నీ దానికి అంటుకుని దూదిపింజల్లా తయారై రోజుకి పదుల మీటర్లు, ఒక్కోసారి 100 దాటి దిగుతాయి. దీన్నే సముద్రపు మంచు అంటారు. ఇంకో దారి ఉంది, నవ్వకండి: చిన్న రొయ్యల్లాంటి పురుగులు ఆ నాచుని తిని పెంటికలు వేస్తాయి. అవి గట్టిగా, బరువుగా ఉంటాయి కాబట్టి ఇంకా జోరుగా పోతాయి.

కరకట్ట_కృష్ణలంక:
పైది కరెక్టే కానీ అంతా అడుక్కి చేరుతుందనుకోకండి. దారి పొడవునా బాక్టీరియా తింటూనే ఉంటుంది. పసిఫిక్‌లో వేర్వేరు లోతుల్లో పాత్రలు వేలాడదీసి, పైనుంచి రాలేది పట్టి వేసిన లెక్కలతో సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ బృందం 1987లో ఒక సూత్రం ఇచ్చింది. దాని ప్రకారం 100 మీటర్ల లోతు దగ్గర 100 పాళ్ళ కార్బన్ కిందికి దిగితే 1000 మీటర్లకి మిగిలేది 14 పాళ్ళు, 3000కి 5. బురదలో శాశ్వతంగా పూడేది మరీ కొంచెం. అలాగని లోతుకి పోయాక తినేసింది వృథా కాదు, కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఆ నీళ్ళలోనే కరిగి ఉంటుంది, ఆ నీళ్ళు మళ్ళీ పైకి రావడానికి వందల ఏళ్ళు పడుతుంది. అమ్మాయిని "అడుగున" కొట్టేసి "లోతు నీళ్ళలో" అని రాయమనండి.

బెంజిసర్కిల్_నాన్న:
మరి మన కృష్ణ మట్టి కూడా ఏమైనా సాయం చేస్తుందా?

బ్రాడీపేట_4వలైను:
నది మట్టి చేస్తుందనే అంటారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ యూనివర్సిటీ కలిసి బంగాళాఖాతంలో ఇలాంటి పాత్రలే దించి చూశాయి. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మట్టి ఆ పింజలకి బరువు కట్టినట్టయి లోతుకి లాగుతుందని తేల్చారు.

కరకట్ట_కృష్ణలంక:
మట్టి పింజల్ని లాగుతోందా, పింజలే దారిలో మట్టిని పోగేసుకుంటున్నాయా అనేది ఇంకా వాదనలోనే ఉంది. అయినా మన కృష్ణ మట్టి చాలావరకు శ్రీశైలం, సాగర్ దగ్గరే ఆగిపోతుంటే హంసలదీవి దాకా వచ్చేదెంతని.

బెంజిసర్కిల్_నాన్న:
పటిక తిప్పాం. గంటలో అడుగున బియ్యపుగింజ మందాన బురద, పైన తేటనీళ్ళు. ఇప్పుడు మా అమ్మాయి టెన్షన్ వేరే: పెంటికలు అనే మాట చార్టు మీద రాస్తే మేడమ్ తిడతారేమోనట.

బ్రాడీపేట_4వలైను:
రాయమనండి, బొమ్మ కూడా వేయమనండి.