బీచ్ పక్క రెస్టారెంట్‌కి ఎలాంటి పోర్సిలిన్ ప్లేట్లు తీసుకోవాలి?

నమస్కారం అండి. భీమిలి బీచ్ రోడ్డులో అన్నయ్యా నేనూ కలిసి చిన్న రెస్టారెంట్ పెడుతున్నాం. ఇసుక కాళ్లతో వచ్చి తీరిగ్గా కూర్చునే చోటే, కానీ వడ్డన మాత్రం దర్జాగా ఉండాలి. అందుకే స్టీలు, మెలమైన్ వద్దనుకున్నాం.

బోన్ చైనా చూశాం. పల్చగా, వెలుతురుకి పెడితే వేలి నీడ కనబడేంత ముచ్చటగా ఉంది. కానీ అందులో ఎముకల బూడిద కలుస్తుంది కదా, శాకాహారులు అడిగితే ఏం చెప్పాలి? అందుకే 1300 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చే గట్టి పోర్సిలిన్ వైపు మొగ్గుతున్నాం. నీళ్లు పీల్చదు, ఉప్పుగాలికి ఏమీ కాదు.

అసలు తంటా ఆకారంతో. వంజరం వేపుడుకి బల్లపరుపు ప్లేటు బాగుంటుంది, చేపల పులుసు అన్నం అందులో పెడితే అంచు దాటి టేబుల్ మీదికొస్తుంది. అంచు కాస్త పైకి లేచిన లోతు ప్లేటు ఒక్కటే రెండింటికీ సరిపోతుందా?

అన్నయ్యకేమో సముద్రం రంగు మ్యాట్ (మెరుపు లేని) ప్లేట్లు కావాలి. షాపులో శాంపిల్ మీద ఫోర్కు గీస్తే పెన్సిల్ గీతలా బూడిదరంగు చార పడింది. తుడిస్తే పోలేదు. నిగనిగలాడే తెలుపే మేలని నా అభిప్రాయం, పసుపు మరకా త్వరగా వదులుతుంది. ఇంట్లో ఇదే గొడవ!

హోటల్ నడిపేవాళ్లు చెప్పండి: మ్యాట్ రోజువారీ వాడకానికి ఆగుతుందా? ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగు అంచు గరుకుకి, మధ్యలో చేరే ఇసుకకి కింది ప్లేటు గీతలు పడకుండా ఏం చేస్తున్నారు? విరిగితే మళ్లీ అదే డిజైన్ దొరకాలంటే ఎన్ని అదనంగా కొనాలి?