పైపులైన్ల తనిఖీని అడిగేది ఎవరు?

ప్రశ్న (విజయవాడ):
కొండపల్లి వైపు మా పొలం గట్టున గ్యాస్ పైపులైను హెచ్చరిక బోర్డు పక్కకు ఒరిగిపోయింది, దానిపై ఫోన్ నంబరు ఎండకు వెలిసిపోయింది. ఆ పక్కనే జేసీబీతో మట్టి తవ్వుతున్నారు. ఈ లైన్ల భద్రతను ఎవరు పర్యవేక్షిస్తారు? నిబంధనలు మీరితే ఏ చర్య ఉంటుంది?

జవాబు (గుంటూరు):
ముందు 112కు ఫోన్ చేసి ఆ తవ్వకం ఆపించండి, తక్కినవన్నీ తరువాత. 1962 నాటి చట్టం ప్రకారం లైను వేసేందుకు సంస్థ వినియోగ హక్కు పొందిన స్థలంలో కట్టడాలు కట్టడం, బావులు, చెరువులు తవ్వడం, చెట్లు నాటడం నిషిద్ధం. పర్యవేక్షణ 2006 చట్టంతో ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలిది. ఆదేశాలను ఉల్లంఘించిన సంస్థకు ఒక్కో ఉల్లంఘనకు కోటి రూపాయల వరకు, అది కొనసాగితే రోజుకు పది లక్షల వరకు అదనంగా జరిమానా విధించే అధికారం ఆ మండలికి ఉంది.

మరో జవాబు (విజయవాడ):
జరిమానా అనేది ప్రమాదం జరిగాక వచ్చే మాట. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో పేలిన, ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్ లైను మన కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తెచ్చేదే. తేమతో కూడిన గ్యాస్ వల్ల గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టిందని తరువాత తేలింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. పిగ్ అనే పరికరాన్ని గొట్టంలోకి పంపి గోడ మందం ఎక్కడ తగ్గిందో కొలిస్తే ఇలాంటి తుప్పు ముందే బయటపడుతుంది. మీ ప్రాంతపు లైనులో ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు చట్టం కింద మండలిని అడగండి, ప్రతిని కలెక్టరు కార్యాలయంలోనూ ఇవ్వండి.