పీఏ మాస్టర్స్ తర్వాత ఇంకా చదవాలంటే: డీఎంఎస్‌సీయా, ఎంబీఏనా, సీఏక్యూ చాలా?

రాత్రిడ్యూటీ_పీఏ

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా (పీఏ, అంటే డాక్టర్లతో కలిసి పేషెంట్లని చూసి మందులు రాసే ఉద్యోగం) చేస్తున్నాను. మాస్టర్స్ అయిపోయి కొన్నేళ్ళయింది. పని మీద విసుగేం లేదు, పేషెంట్లని చూడడం ఇప్పటికీ ఇష్టమే. కానీ ఇవే షిఫ్టులు రిటైరయ్యేదాకా చేయగలనా అంటే మాత్రం టెన్షన్ వస్తోంది. మా డిపార్ట్‌మెంట్‌లో లీడ్ పీఏ పోస్టు వచ్చే ఏడాది ఖాళీ అవుతుందంటున్నారు. ఇంకోవైపు దగ్గర్లో ఉన్న పీఏ ప్రోగ్రాంలో అప్పుడప్పుడు స్కిల్స్ ల్యాబ్‌కి వెళ్ళి స్టూడెంట్లకి కుట్లు వేయడం నేర్పిస్తుంటాను, ఆ రోజు ఉండే హుషారు వేరు.

ఇప్పుడు ఏది తెరిచినా డీఎంఎస్‌సీ (డాక్టర్ ఆఫ్ మెడికల్ సైన్స్, పీఏలు చదివే డాక్టరేట్) ప్రకటనలే. అంతా ఆన్‌లైన్, ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదిన్నరలో డాక్టరేట్ అంటున్నారు. ఇంట్లోవాళ్ళు కూడా చేసెయ్ అంటున్నారు. పాత స్టూడెంట్ లోన్లు ఇంకా ఉన్నాయి, పీఎస్ఎల్ఎఫ్ (నాన్‌ప్రాఫిట్, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉంటూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగతా ఫెడరల్ లోన్ మాఫీ చేసే పథకం) కింద కడుతున్నాను. డీఎంఎస్‌సీ చేయాలా, ఎంబీఏ లేదా ఎంహెచ్ఏ (హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్) వైపు వెళ్ళాలా, ఇవేవీ కాకుండా ఎమర్జెన్సీ మెడిసిన్ సీఏక్యూ (ఒక స్పెషాలిటీలో అదనపు అర్హత సర్టిఫికెట్) తెచ్చుకుంటే సరిపోతుందా? చదివినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

షెడ్యూల్_నాదే

ముందు ఒకటి తేల్చేద్దాం అండీ. డీఎంఎస్‌సీ వచ్చినంత మాత్రాన మీరు రాసే మందులు, చేసే ప్రొసీజర్లు ఏవీ మారవు. పీఏ ఏం చేయొచ్చు అన్నది రాష్ట్ర చట్టం, మీ హాస్పిటల్ ఇచ్చే ప్రివిలేజెస్ (ఏయే పనులు చేయొచ్చన్న అనుమతులు) తేలుస్తాయి. జీతం కూడా దానంతటది పెరగదు. మా దగ్గరైతే పే గ్రేడ్ అనుభవాన్ని బట్టే, మీ దగ్గర ఎలాగో హెచ్ఆర్‌ని అడిగి ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

లీడ్ పోస్టు సంగతి. ఆ ఇంటర్వ్యూల్లో నేను కూర్చుంటాను, డాక్టరేట్ ఉందా అని ఎవరూ అడగరు. ఇద్దరు ఒకే రోజు సిక్ కాల్ చేస్తే ఏం చేస్తారు, కొత్తగా చేరినవాళ్ళ చార్టులు ఎలా చూస్తారు, డిపార్ట్‌మెంట్ డబ్బు లెక్క మీకు అర్థమవుతుందా, ఇవీ అడిగేవి. ఈ చివరిదాని దగ్గరే చాలామంది పీఏలు తడబడతారు, ఎందుకంటే పీఏ స్కూల్లో అది పెద్దగా చెప్పరు. నేను మాస్టర్స్ తర్వాత చదివినవాటిలో నాకు రోజూ పనికొస్తున్నది హెల్త్‌కేర్ ఫైనాన్స్ కోర్సు ఒక్కటే.

ఒక ఉదాహరణ చెప్తాను. పీఏ పేరుమీద బిల్ చేస్తే మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) అదే పనికి డాక్టర్‌కి ఇచ్చే ఫీజులో 85 శాతం ఇస్తుంది. క్లినిక్‌లో అదే విజిట్‌ని ఇన్సిడెంట్-టు నిబంధన (డాక్టర్ మొదలుపెట్టిన చికిత్సలో భాగంగా, డాక్టర్ పర్యవేక్షణలో చూసిన విజిట్లకి వర్తించేది) కింద బిల్ చేస్తే 100 శాతం వస్తుంది, కానీ క్లెయిమ్ డాక్టర్ పేరుమీద పోతుంది. అంటే మీరు చూసిన పేషెంట్ బిల్లింగ్ రిపోర్టులో మీ ఖాతాలో కనిపించడు. మా క్లాసులో ఒక ఊహా క్లినిక్ ఇచ్చి ఇద్దరు పీఏల లెక్క వేయించారు, కాస్త క్లిష్టమైన విజిట్‌కి (బిల్లింగ్ కోడ్ 99214) 1.92 వర్క్ ఆర్‌వీయూలు (పనిని కొలిచే పాయింట్లు), దానికంటే తేలికైనదానికి (99213) 1.30 చొప్పున. ఇద్దరూ సమానంగా పేషెంట్లని చూశారు, ఒకావిడ విజిట్లలో సగం మాత్రం డాక్టర్ పేరుమీద బిల్ అయ్యాయి. కాగితం మీద ఆవిడ సగం పనే చేసినట్టు తేలింది! ఇది తెలియని మేనేజర్ చేతిలో ఆ రిపోర్టు పడితే ఆవిడ బోనస్ ఏమవుతుందో ఆలోచించండి. మా బడ్జెట్ మీటింగ్‌లో ఇంకో పీఏని తీసుకోవాలని అడిగేటప్పుడు ఏ రిపోర్టు నమ్మాలో, ఏది పక్కన పెట్టాలో నాకు ఆ కోర్సు వల్లే తెలిసింది.

అందుకని ఎంబీఏ మొత్తం నెత్తికెత్తుకునే ముందు హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చూడండి. నాలుగైదు కోర్సులుంటాయి. చాలా యూనివర్సిటీలు తర్వాత ఆ క్రెడిట్లని మాస్టర్స్‌లో కలుపుకుంటాయి, చేరేముందే అడగండి.

తెల్లబోర్డు

పైన చెప్పింది హాస్పిటల్ వైపు నిజమే. యూనివర్సిటీ వైపు లెక్క వేరు, అక్కడ డిగ్రీకి బరువుంది. నేను క్లినిక్ తగ్గించుకుని పీఏ ప్రోగ్రాంలో పాఠాలు చెబుతున్నాను.

మాస్టర్స్‌తో ఫ్యాకల్టీగా చేరవచ్చు, చాలామంది అలాగే చేరతారు. ఆ తర్వాత అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషన్ దగ్గరో, ప్రోగ్రాం డైరెక్టర్ పోస్టు దగ్గరో డాక్టరేట్ మాట వస్తుంది. అయితే ఏ డాక్టరేట్ అన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. డీఎంఎస్‌సీని టెర్మినల్ డిగ్రీగా (ఆ రంగంలో అత్యున్నత డిగ్రీగా) లెక్కేసేవాళ్ళున్నారు, రీసెర్చ్ ట్రాక్‌లో పీహెచ్‌డీ, బోధన వైపు ఈడీడీ (విద్యలో డాక్టరేట్) కావాలనేవాళ్ళూ ఉన్నారు. మీరు స్కిల్స్ ల్యాబ్‌కి వెళ్ళే ప్రోగ్రాంలోనే ఎవరినైనా పట్టుకుని ప్రమోషన్ పాలసీ చూపించమనండి, దాచేదేం కాదు.

అక్రెడిటేషన్ విషయంలో చాలామంది గందరగోళపడతారు. ఆర్క్-పీఏ అనే సంస్థ గుర్తింపు ఇచ్చేది పీఏగా తయారుచేసే ప్రోగ్రాంలకి. ఇప్పటికే పీఏ అయినవాళ్ళ కోసం పెట్టిన డీఎంఎస్‌సీ దాని కిందికి రాదు. కాబట్టి అక్కడ చూడాల్సింది యూనివర్సిటీ మొత్తానికి హయ్యర్ లెర్నింగ్ కమిషన్ లాంటి సంస్థ గుర్తింపు ఉందా లేదా అని. లించ్‌బర్గ్, లింకన్ మెమోరియల్, ఏ.టి. స్టిల్ యూనివర్సిటీల్లో ఈ డిగ్రీ ఉంది, ఇంకా చాలాచోట్ల వచ్చింది. సిలబస్‌లు పక్కపక్కన పెట్టుకుని చదవండి. కొన్నిటిలో లీడర్‌షిప్ పేరుతో డిస్కషన్ పోస్టులే ఎక్కువ, కొన్నిటిలో స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ గట్టిగా ఉంటాయి. నేనైతే రెండోదే తీసుకోమంటాను, కష్టమైనా సరే.

ఎందుకో చెప్తాను. మా బ్యాచ్‌లో ఒకరు స్కాలర్లీ ప్రాజెక్టుకి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితి) తీసుకున్నారు. లాక్టేట్ రక్త పరీక్ష, యాంటీబయాటిక్ ఇవ్వకముందే బ్లడ్ కల్చర్లు (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష), ఆ వెంటనే యాంటీబయాటిక్, ఇవి మూడు గంటల్లోపు అవ్వాలని మనందరికీ నోటికొచ్చు. మరి ఆలస్యం ఎక్కడవుతోంది? డాక్టర్లూ పీఏలూ ఆర్డర్ లేటుగా పెడుతున్నారనే అందరం అనుకున్నాం. ఆవిడ ఒక్కో చార్టు తెరిచి ట్రయాజ్ టైమ్ (పేషెంట్ రాగానే మొదట చూసిన సమయం), ఆర్డర్ టైమ్, మందు స్కాన్ చేసిన టైమ్, కల్చర్ బాటిల్ ల్యాబ్‌లో రిసీవ్ అయిన టైమ్ నాలుగు కాలమ్స్‌లో రాసుకుంటూ పోయారు. ఆర్డర్లు టైముకే ఉన్నాయి. రెండో సెట్ కల్చర్ తీయడానికి నరం దొరక్క, అది అయ్యేదాకా యాంటీబయాటిక్ సంచి ఐవీ స్టాండ్‌కి వేలాడుతూ ఉండిపోతోంది. ఇక సగటు తీయాలా మీడియన్ తీయాలా అన్నది తర్వాతి ప్రశ్న, ఒకరిద్దరు పేషెంట్లకి బాగా ఆలస్యమైతే సగటు మొత్తం పక్కకి లాగేస్తుంది కాబట్టి మీడియన్ వాడారు. ఐఆర్‌బీకి (మనుషుల మీద చేసే రీసెర్చ్‌ని సమీక్షించే కమిటీకి) రాసిన కాగితాల్లో ఇది రీసెర్చా, క్వాలిటీ ఇంప్రూవ్‌మెంటా అన్నది తేల్చడానికే బోలెడు సమయం పట్టింది. చివరికి ఆ డిపార్ట్‌మెంట్‌లో అల్ట్రాసౌండ్‌తో రక్తం తీయడం నర్సులకి నేర్పించారు. ఇలాంటి పని చేయించే కోర్సైతే డబ్బు పెట్టండి, లేకపోతే వద్దు.

వడ్డీలెక్క

రాత్రిడ్యూటీ గారూ, పీఎస్ఎల్ఎఫ్ అన్నారు కదా, చేరేముందు ఇది తప్పకుండా చూసుకోండి. మీరు హాఫ్ టైమ్ లేదా అంతకంటే ఎక్కువ క్రెడిట్లకి చేరితే స్కూలు ఆ సంగతి రిపోర్ట్ చేస్తుంది, మీ పాత ఫెడరల్ లోన్లు వాటంతటవే ఇన్-స్కూల్ డిఫర్‌మెంట్‌లోకి వెళ్ళిపోతాయి. వాయిదా కట్టక్కర్లేదు కదా అని సంతోషించేలోపు అసలు దెబ్బ పడుతుంది, ఆ నెలలు 120 వాయిదాల్లోకి రావు. అన్‌సబ్సిడైజ్డ్ లోన్ల మీద వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. డిఫర్‌మెంట్ వద్దు, కడుతూనే ఉంటాను అని సర్వీసర్‌కి (లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీకి) రాసివ్వాలి.

రెండోది, డీఎంఎస్‌సీకి కొత్త లోన్ తీసుకుంటే దాని లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పాత వాయిదాలు దానికి రావు. పైగా 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ (గ్రాడ్యుయేట్ చదువులకి ఇచ్చే ఒక రకం ఫెడరల్) లోన్లు లేవు. మీ హాస్పిటల్ ట్యూషన్ అసిస్టెన్స్ ఇస్తే ఏడాదికి 5,250 డాలర్ల దాకా టాక్స్ పడదు, ముందు దాన్ని వాడండి. కోర్సులని రెండు క్యాలెండర్ సంవత్సరాల మీదుగా పరిస్తే ఆ డబ్బు రెండుసార్లు వాడుకోవచ్చు. డబ్బు తీసుకున్నాక ఇంతకాలం ఉద్యోగం మానకూడదు అనే షరతు ఉంటుంది చాలాచోట్ల, సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి.

ట్రామాబే

సీఏక్యూ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. అది డిగ్రీ కాదు, ఎన్‌సీసీపీఏ (పీఏలకి సర్టిఫికేషన్ ఇచ్చే జాతీయ సంస్థ) 2011 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్, మొదట్లో పెట్టిన ఐదు స్పెషాలిటీల్లో ఎమర్జెన్సీ ఒకటి. ఆ విభాగంలో అనుభవం, దానికి సంబంధించిన సీఎంఈ (డిగ్రీ తర్వాత కొనసాగించే వైద్య శిక్షణ), ఒక పరీక్ష. ఎలాగూ రెండేళ్ళకి 100 సీఎంఈ క్రెడిట్లు చేస్తున్నాం, అందులో కనీసం 50 కేటగిరీ 1 (అధికారికంగా ఆమోదం ఉన్న కోర్సులు) కదా, వాటిని ఎమర్జెన్సీ వైపే పెట్టుకుంటే సీఏక్యూకి కావాల్సింది చాలావరకు దానితోనే సమకూరుతుంది. అయితే లీడ్ పోస్టుకి ఇది పనికొస్తుందా అంటే అంతంతమాత్రమే. మీరు ఎమర్జెన్సీలోనే ఉంటూ ఎయిర్‌వేలు (శ్వాస గొట్టం వేయడం), లైన్లు (రక్తనాళాల్లో గొట్టాలు పెట్టడం) ఇంకా బాగా చేయాలనుకుంటే మంచిది.

ఫెలోషిప్ (ఒక స్పెషాలిటీలో స్టైపెండ్‌తో ఇచ్చే శిక్షణ) కూడా ఉంది, సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర, కానీ స్టైపెండ్ మీ ఇప్పటి జీతం కంటే బాగా తక్కువ. అనుభవం ఉన్నవాళ్ళకి నేను చెప్పను, కొత్తగా పాసైనవాళ్ళకైతే బంగారం.

ఇంకోటి, ఇంట్లోవాళ్ళు డాక్టరేట్ అంటున్నారు కాబట్టి చెప్తున్నాను. చదివి సంపాదించుకున్న డిగ్రీ పేరు పక్కన రాసుకోవడంలో తప్పేం లేదు. కానీ బెడ్ పక్కన నిలబడి డాక్టర్ ఫలానా అని పరిచయం చేసుకుంటే పేషెంట్ ఫిజీషియన్ అనుకుంటాడు. దీని మీద చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి, హాస్పిటల్ పాలసీలు ఇంకా కఠినంగా ఉంటాయి. క్లాస్‌రూమ్‌లో వేరు, ఎమర్జెన్సీలో వేరు.

రాత్రిడ్యూటీ_పీఏ

అందరికీ చాలా థాంక్స్ అండీ. డిఫర్‌మెంట్ సంగతి నాకు అసలు తెలీదు, దానికే మీ అందరికీ రుణపడిపోయాను. నాకు లీడ్ పోస్టు కంటే పాఠం చెప్పడం మీదే మనసు ఎక్కువ ఉందని ఇవన్నీ చదువుతుంటే అర్థమైంది. తెల్లబోర్డు గారూ, డిగ్రీకి ముందు చేయగలిగింది ఏమైనా ఉందా? వడ్డీలెక్క గారూ, ఒక్కో టర్మ్‌కి ఒకే కోర్సు తీసుకుంటే డిఫర్‌మెంట్ గొడవ రాదా?

తెల్లబోర్డు

ఉంది. స్కిల్స్ ల్యాబ్‌తో ఆగకుండా ఒక పూర్తి లెక్చర్ అడగండి, ఛాతీ నొప్పో, కడుపు నొప్పో. ఆ లెక్చర్‌కి లెర్నింగ్ ఆబ్జెక్టివ్స్ మీరే రాయండి, పరీక్ష ప్రశ్నలు కూడా మీరే ఇవ్వండి. పరీక్షయ్యాక ఏ ప్రశ్నకి ఎంతమంది తప్పు రాశారో ప్రోగ్రాం దగ్గర రిపోర్టు ఉంటుంది, అది అడిగి తీసుకుని కూర్చోండి. బాగా చదివేవాళ్ళే తప్పు రాసిన ప్రశ్న కనిపిస్తే లోపం సాధారణంగా ప్రశ్నలో ఉంటుంది. ఆ పని మీకు నచ్చితే డిగ్రీ గురించి మళ్ళీ మాట్లాడదాం. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి ఆ కాగితాలన్నీ దాచుకోండి, ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలో అడుగుతారు.

వడ్డీలెక్క

రాకపోవచ్చు, కానీ హాఫ్ టైమ్ అంటే ఎన్ని క్రెడిట్లు అన్నది స్కూలే నిర్ణయిస్తుంది. గ్రాడ్యుయేట్ ప్రోగ్రాంల్లో, అందులోనూ చిన్న చిన్న టర్మ్‌లు ఉన్నచోట ఒక్క కోర్సుకే హాఫ్ టైమ్ అయిపోవచ్చు. రిజిస్ట్రార్‌కి ఈమెయిల్ పెట్టి కనుక్కోండి. చేరిన మొదటి నెలలోనే సర్వీసర్ సైట్‌లోకి వెళ్ళి ఒక్కో లోన్ పక్కన రీపేమెంట్ అని ఉందో డిఫర్‌మెంట్ అని ఉందో చూడండి. ఆటోపే ఆగిపోయి ఉంటే అదే మొదటి సూచన. ప్రతి కొత్త టర్మ్‌కీ మళ్ళీ రిపోర్ట్ అవుతుంది కాబట్టి ఒకసారి రాసిచ్చాం కదా అని వదిలేయొద్దు, టర్మ్ మొదలైన ప్రతిసారీ చూసుకోండి.