అప్‌డేట్: హూపర్ పాదిరీ చేసిన పాపం ఏంటి?

అమెరికన్ రచయిత నథానియల్ హాథోర్న్ కథ ‘ది మినిస్టర్స్ బ్లాక్ వీల్’ (1836)లో హూపర్ పాదిరీ నల్ల ముసుగు వేసుకోవడానికి కారణమైన పాపం ఏంటని అడిగాను కదా. జవాబులు చూశాక తేలింది: కథ ఆ సంగతి చెప్పదు, చెప్పకపోవడమే దాని బలం.

చాలామంది అంత్యక్రియల సన్నివేశాన్ని పట్టుకుంటారు. పాదిరీ వంగగానే ముసుగు కిందికి వేలాడి ముఖం కనిపించిందట, యువతి శవం కాస్త వణికిందట. ఆ యువతి విషయంలోనే నేరం జరిగిందని రచయిత, విమర్శకుడు ఎడ్గార్ అలన్ పో అంతటివాడు 1842లో రాశాడు. కానీ వణకడం చూసింది మూఢనమ్మకాల ముసలమ్మ ఒక్కతే, ఆ మాట హాథోర్నే చెప్తాడు. ఆ సాక్ష్యం మీద కేసు నిలవదు. దాని బదులు, రహస్య పాపాల మీద ప్రసంగం వింటున్న జనం ఎందుకు ఉలిక్కిపడ్డారో చూడండి. ఎవరి గుట్టు వాళ్లకి గుర్తొచ్చింది.

దీని తర్వాత హాథోర్న్‌దే ఇంకో కథ ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ (1835) చదవండి. బ్రౌన్ భార్య ఫెయిత్ గులాబీ రిబ్బన్లు వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి: గుమ్మం దగ్గర, అడవిలో, మర్నాడు వీధిలో. ఆ రాత్రి అడవిలో జరిగిందంతా కలే అనుకుంటే, కొమ్మకు చిక్కిన రిబ్బన్ బ్రౌన్ చేతికెలా వచ్చింది? అందులోని గుడీ క్లాయిస్ అనే ముసలమ్మ పేరు 1692లో అమెరికాలోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల్లోంచి తీసుకున్నదే. ఆ విచారణల్లో జడ్జి జాన్ హాథోర్న్ రచయితకు పూర్వీకుడు.

హాథోర్న్ మరో కథ ‘ఈథన్ బ్రాండ్’ చివరికి ఉంచుకోండి. అందులో క్షమించరాని పాపమేంటో బ్రాండే నోరు విప్పి చెప్పేస్తాడు.