టీ430 ల్యాప్‌టాప్‌కి పాత మదర్‌బోర్డు వేశాను, నీలి తెర వస్తోంది. తప్పెక్కడ?

పాతపెట్టె:
2012 నాటి థింక్‌ప్యాడ్ టీ430. టీ ఒలికి బోర్డు పోయింది (టీ మీద టీ అని ఇంట్లో అందరూ నవ్వేశారు, మీరు మళ్లీ అనకండి). సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో వాడిన బోర్డు కొని నేనే బిగించాను. ఆన్ చేయగానే 2201 అని, మెషీన్ యూయూఐడీ సరిగా లేదని వస్తోంది. అది దాటాక విండోస్ 7 గుర్తు ఒక్క క్షణం మెరిసి నీలి తెర పడుతోంది. కోడ్ చివర 7బి. ఎస్‌ఎస్‌డీ డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి.

రవ్వలడ్డు:
సీమాస్ సెల్, అదే బోర్డు సెట్టింగులను నిలిపే చిన్న బ్యాటరీ, తీసి అయిదు నిమిషాలు ఆగి పెట్టండి.

గట్టుమీద:
బోర్డు మారితే విండోస్ మళ్లీ వేసుకోవాల్సిందే. అయినా 7కి మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. ఆ ముసలి యంత్రానికి ఇంత సేవ దేనికి?

పాతపెట్టె:
అందులో పత్రికలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, పదేళ్ల పెళ్లి పత్రికలు ఉన్నాయి కాబట్టి. మా ఇంట్లో పొయ్యి వెలిగేది వాటితోనే.

సోల్డర్‌బాబాయ్:
2201తో బెంగ లేదు. ఈ బోర్డులో గుర్తింపు సంఖ్య సరిగా రాసి లేదని అర్థం, అంతే. విసిగిస్తుంది. 7బి అసలు సంగతి. విండోస్ లేస్తూనే డిస్కు అందక కూలబడుతోంది. మీ పాత బోర్డులో సాటా, అంటే డిస్కుతో మాట్లాడే దారి, ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉండి ఉంటుంది, దీన్ని ఎవరో కంపాటిబిలిటీ అనే పాత పద్ధతిలో పెట్టి ఉంటారు. ఎఫ్1 నొక్కి బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) కాన్ఫిగ్ కింద చూడండి.

గట్టుమీద:
లేదా విండోస్ పాడైంది. మళ్లీ వేస్తే గంటలో తేలిపోయేదానికి ఇన్ని తిప్పలా?

పాతపెట్టె:
బాబాయ్ చెప్పినట్టే కంపాటిబిలిటీలో ఉంది. కానీ మార్చనివ్వడం లేదు. ఆ వరుసంతా బూడిద రంగులో పడుకుని ఉంది.

సోల్డర్‌బాబాయ్:
బయోస్ సెట్టింగులకు తాళం వేసే సూపర్‌వైజర్ పాస్‌వర్డు ఉంది. సెల్ తీసినా పోదు, అది దాచుకునే చిప్ వేరు. మరిచిపోతే బోర్డు మార్చుకోవాలన్నది కంపెనీ మాట. మీరు మార్చుకునే వచ్చారు మరి.

గట్టుమీద:
తాళం ఉన్న బోర్డంటే దొంగ సరుకే.

పాతపెట్టె:
రశీదు ఉంది నా దగ్గర! కీబోర్డు ఎత్తి చూస్తే బోర్డు మీద సగం చిరిగిన స్టిక్కర్ ఉంది. ‘ఐటీ విభాగం, ఆస్తి సం’ అన్నంతవరకు చదవవచ్చు. ఆఫీసులు పాత యంత్రాలను గుట్టలుగా అమ్మేటప్పుడు పాస్‌వర్డు తీసే ఓపిక ఎవరికుంటుంది? బాబాయ్, ఆ చిప్ చదివి తీసేవాళ్లు ఉన్నారట. మీరు తీస్తారా?

సోల్డర్‌బాబాయ్:
తీయగలను. తీయను. ఒకాయన ఇలాగే రశీదు ఉందన్నాడు, తీసిపెట్టాను. నెల తిరగకుండా అసలు యజమాని నా దుకాణానికి వచ్చి నలుగురిలో నిలదీశాడు. రశీదు చూపిన మనిషి ఫోను ఎత్తలేదు. బోర్డు మీరు కొంటారు, మిగిలిన డబ్బు మీది. మాట పడేది మాత్రం టంకం పెట్టేవాడు.

పాతపెట్టె:
అంటే ఇంతసేపూ మీకు నా మీద అనుమానమేనా? సాటా గురించి చెబుతున్నప్పుడు కూడా?

సోల్డర్‌బాబాయ్:
మీ మీద కాదు, బోర్డు మీద. కొనేముందు బయోస్ తెరిచి చూపించమని అడగాలి కదా. సరే, తాళం జోలికి పోని దారి ఒకటుంది. ఎస్‌ఎస్‌డీని ఆ రెండో కంప్యూటర్‌కు తగిలించి, మీ విండోస్ సిస్టమ్ రిజిస్ట్రీ ఫైలు (విండోస్ తన సెట్టింగులు రాసుకునేది) నకలు తీసుకోండి. ఆ తర్వాత దాన్ని అక్కడే తెరిచి ఏటాపీ, ఇంటెల్ ఐడీఈ, పీసీఐ ఐడీఈ అనే పాత పద్ధతి డ్రైవర్ల స్టార్ట్ విలువ 0 చేయండి, విండోస్ లేచేటప్పుడే అవి మొదలవుతాయి. కంపాటిబిలిటీలోనే లేస్తుంది. కాస్త నెమ్మదిగా నడుస్తుంది.

పాతపెట్టె:
లేచింది. రేపు ఉదయం ఇవ్వాల్సిన పత్రిక తెరుచుకుంది, ఒత్తులన్నీ ఉన్న చోటే ఉన్నాయి. బోర్డు రేపు దుకాణానికి తీసుకెళ్లి అడుగుతాను. మార్చి ఇవ్వకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాను.

గట్టుమీద:
విండోస్ మళ్లీ వేసినా లేచేది.

రవ్వలడ్డు:
ఇంతకీ సెల్ తీసి చూశారా?